నాలుగు కిలోల చలికాలం

ఆ మూడంతస్తుల ఇంట్లో వాళ్ళకి చలికాలం వచ్చిందని క్యాలెండరు చెప్పక్కర్లేదు. కేకులక్క చెబుతుంది. పొగమంచు దిగిన మొదటి ఆదివారం పొద్దున్నే వెన్న వాసన, దాల్చినచెక్క వాసన కలిసి పైనుంచి మెట్లు దిగి, ఒక్కో తలుపు సందులోంచి లోపలికి దూరతాయి. దుప్పటి ముసుగుతన్ని పడుకున్నవాడు కూడా లేచి కూర్చుంటాడు. "అక్క మొదలెట్టేసిందర్రోయ్!" అని ఎవరో ఒకరు అరుస్తారు. ఇంక పడుకోవడం ఎవరి తరం?

ఆవిడ కేకులమ్ముకునే మనిషి కాదు. పొట్టకూటికి చేసేది ఇస్త్రీ. ఓ పెద్ద హోటలు వెనకవైపు, ఆవిరితో ఎప్పుడూ మసకమసగ్గా ఉండే గదిలో నిలబడి, ఎవరెవరో పడుకుని లేచిన దుప్పట్లు, దిండు గలీబులు ముడత లేకుండా చేసి పంపడం. చేతులు మోచేతులదాకా కమిలి ఉంటాయి. "మాట కరుకు, మనసు వెన్న" అని చాలామంది గురించి అంటుంటారు గానీ, ఈవిడ విషయంలో ఆ మాట చెల్లదు. మాటా కరుకే, మనసూ ఒక్కోసారి కరుకే. మెట్ల మీద చెత్త వేసినవాణ్ణి ఇంటికెళ్ళి మరీ కడిగేస్తుంది. కానీ ఆ చేత్తో పిండి కలిపిందంటే మాత్రం ఇంక చెప్పక్కర్లేదు.

ఆ విద్య ఎవరూ కూర్చోబెట్టి నేర్పింది కాదు. చిన్నప్పుడు ఓ బేకరీలో కేకులు కాల్చే రేకులు కడగడానికి కుదిరింది. బేకరీ ముసలాయన ఒక్క ముక్క నేర్పితే ఒట్టు. "నేర్పడం నా వల్ల కాదు, చూసి దొంగిలించుకో" అనేవాడు. సరే అని దొంగిలించింది. వెన్న ఎంతసేపు గిలకొట్టాలో, గుడ్డు ఎప్పుడు వెయ్యాలో, ఓవెన్ తలుపు ఎప్పుడు తెరవకూడదో, అన్నీ ఆ రేకుల పక్కనుంచే నేర్చుకుంది.

పెళ్ళి కుదిరిందీ అక్కడే. అప్పుడే కొత్తగా ఉద్యోగంలో చేరిన సిటీ బస్సు డ్రైవరు ఒకడు, రోజూ బస్సు బేకరీ ముందు ఆపి, లోపలికొచ్చి ఓ బన్ను తినేవాడు. బస్సులో జనం "నీ బన్ను కాలిపోనూ, కదలవయ్యా!" అని కేకలేస్తుండేవారు. ఆ మహానుభావుడికి ఎండుద్రాక్ష పడదు. బన్నులోంచి ఒక్కోటీ గిల్లి తీసి ప్లేటు అంచున వరసగా పేర్చిపోయేవాడు. బల్ల తుడిచే ఈవిడకి ఒళ్ళు మండేది. ఓ రోజు ఎండుద్రాక్ష లేకుండా ఒకే ఒక్క బన్ను విడిగా కాల్చి, తెచ్చి ఆయన ముందు టక్కున పెట్టింది. "ఇంక ఏరుకునే పని లేదు, తినండి" అంది. ఆయన బన్ను వైపు చూశాడు, ఈవిడ వైపు చూశాడు. అంతే, ఆ ఏడాదే పెళ్ళయిపోయింది.

పిల్లలు కలగలేదు. కొన్నాళ్ళు ఏడ్చింది, కొన్నాళ్ళు డాక్టర్లని తిట్టింది, తర్వాత ఆ ఊసెత్తడం మానేసింది. పాత సామాన్ల దుకాణంలో ఓ ఓవెన్ దొరికితే డ్రైవరు గారు భుజం మీద పెట్టుకుని మూడంతస్తులూ మోసుకొచ్చాడు. దాని తలుపు సరిగ్గా పడేది కాదు. బస్సు ఇంజను మూతకుండే కొక్కెం ఒకటి తెచ్చి బిగించి, "ఇంక ఇది ఓవెన్ కాదే, ఇంజనే" అని నవ్వాడు. చలికాలం వస్తే ఆయనకి ఆ వంటింట్లోనే మకాం. ఉన్ని టోపీ పెట్టుకుని ఓవెన్ పక్కన ముక్కాలి పీట వేసుకుని కూర్చునేవాడు. రేకు లోపల పెట్టగానే "రైట్ రైట్!" అనేవాడు. ఆవిడ విసుక్కునేది. అన్నేళ్ళలో ఆ మాటకి విసుక్కోని రోజు లేదు.

అలాంటి మనిషి చిక్కిపోయాడు.

చలి ఇంకా మొదలవకముందే, ఉన్నట్టుండి చొక్కాలు వదులయ్యాయి. కొయ్యకి తగిలించినట్టు వేలాడేవి. ముందు పని ఎక్కువైందన్నారు, తర్వాత అరుగుదల లేదన్నారు, చివరికి పెద్దాసుపత్రిలో ఫొటోలు తీసి కడుపులో గడ్డ ఉందన్నారు. ఆ మాట విన్నాక ఈవిడకి చెవులు గింగురుమన్నాయి. డాక్టరు ఇంకా ఏవేవో చెబుతూనే ఉన్నాడు. ఏం తినాలో, ఏం తినకూడదో, మధ్యలో ఏ తేడా కనిపిస్తే పరిగెత్తుకు రావాలో అన్నీ చెప్పాడు పాపం. ఆవిడ బుర్రలో నిలిచింది మాత్రం ఒక్కటే.

"ఆపరేషన్ చెయ్యొచ్చమ్మా. కానీ ఈ మనిషి ఇలా ఉంటే తట్టుకోలేడు. ఒంట్లో సత్తువ లేదు. ఓ నాలుగు కిలోలన్నా పెరగాలి. చలికాలం అయ్యేలోపు పెంచుకుని తీసుకురండి."

"నాలుగేం ఖర్మ, ఆరు పెంచి తెస్తాను" అంది ఆవిడ.

బయటికొచ్చాక డ్రైవరు గారు, "ఏమే, నన్ను పండక్కి కోసే కోడిపుంజులా మేపుతావా ఏంటి?" అన్నాడు.

"నోర్మూసుకుని నడు" అంది. బస్సెక్కేదాకా ఆయన చెయ్యి వదల్లేదు.

ఆ చలికాలం ఆ ఓవెన్ చల్లారిన రోజు లేదు. హోటల్లో పని దిగడం, ఇంటికి రావడం, చేతులు కడుక్కోవడం, పిండి జల్లించడం. ఊపిరి తీసుకునేదో లేదో తెలీదు. గుడ్లు దండిగా కొట్టి చేసిన మెత్తటి కేకుని వెచ్చటి పాలల్లో నానబెట్టి స్పూనుతో పెట్టేది. ఖర్జూరం బన్నులు, బాదంపొడి బిస్కెట్లు, బాగా మగ్గిన అరటిపండు మెదిపి చేసిన కేకు. వెన్న రెండు చెంచాలు వెయ్యాల్సిన చోట నాలుగు వేసేది. ఆయన పీట మీద కూర్చుని, నెమ్మదిగా, ముక్క ముక్కే తినేవాడు. ఆవిడ ఎదురుగా నిలబడి, ఆయన గొంతులో ముద్ద దిగేదాకా చూసి, అప్పుడు ఇంకో ముక్క తుంచేది.

ఆదివారం వస్తే తూకం. కింద పిండిమర ఉంది. దాని యజమాని ఈవిడని చెల్లెమ్మా అంటాడు, కాబట్టి డ్రైవరు గారు ఆయనకి బావ. గోధుమ బస్తాలు తూచే పెద్ద కాటా అక్కడుంటే ఇంక ఆసుపత్రిదాకా ఎందుకు? ప్రతి ఆదివారం అదే చొక్కా, అదే ప్యాంటు, చెప్పులు విప్పి, టోపీ తీసి మరీ ఎక్కించేది. చలికి ఆయన గజగజ వణుకుతుంటే పిండిమర ఆయన నవ్వేవాడు.

"ఊగకు బావా, ముల్లు నిలవట్లేదు. నిన్ను కూడా ఓసారి జల్లించి పంపమంటావా ఏంటి?"

మొదట్లో ముల్లు కదల్లేదు. కదల్లేదు సరికదా, ఓ వారం వెనక్కి కూడా పోయింది. ఆవిడకి ఏడుపొచ్చి, ఆ ఏడుపు కోపమైంది.

"నీ కాటా దొంగది అన్నయ్యా."

"అదేంటి చెల్లెమ్మా, దొంగ కాటా అయితే ఎక్కువ చూపించాలి గానీ తక్కువ చూపిస్తుందా? అంత పిచ్చి వ్యాపారిలా కనిపిస్తున్నానా నేను?"

డ్రైవరు గారు ఆ మాటకి కాటా మీదే పడీపడీ నవ్వాడు. ఆవిడకి మాత్రం నవ్వు రాలేదు. పైకెళ్ళి ఇంకో రెండు గుడ్లు ఎక్కువ కొట్టింది.

చలి బాగా ముదిరాక, ఓ ఆదివారం, ముల్లు కదిలింది.

ఒక కిలో. పిండిమర ఆయన వంగి చూశాడు, కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాడు. "పెరిగాడు చెల్లెమ్మా! ఒట్టు, పెరిగాడు!" ఆవిడ అక్కడే బస్తా మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేసింది. ఆ రోజు చేసిన బిస్కెట్లు ఇంటింటికీ తిరిగి పంచింది. పోట్లాడిన వాళ్ళకి కూడా పంచింది. మెట్ల మీద చెత్త వేసినవాడికి రెండు ఎక్కువే ఇచ్చింది.

ఆ తర్వాత వారం వారం పెరుగుతూనే వచ్చాడు. ప్యాంటు గుండీ పట్టడం మానేసింది. ఆవిడ ఆయన పొట్ట మీద మెల్లగా తట్టి, "చూడు చూడు, పెళ్ళినాటి పొట్ట వచ్చేసింది" అని మురిసిపోయేది. ముఖంలో మాత్రం ఇంకా కండ పట్టలేదు. దవడలు లోపలికే ఉన్నాయి. ముఖానికి ఆఖర్న వస్తుందిలే అనుకుంది. ఆవిడ పెట్టింది తినేవాడు, "రైట్ రైట్" అనేవాడు, ఆవిడ సంబరం చూస్తూ కూర్చునేవాడు. మూడు కిలోలయ్యాక ఆవిడ ఆసుపత్రికి ఫోన్ చేసి, "నాలుగోది కూడా వచ్చేస్తోందండీ, తేదీ చెప్పండి" అని అడిగింది. గొంతులో ఆ గర్వం చూడాలి!

తేదీ ఇంకో వారం ఉందనగా, ఓ మధ్యాహ్నం ఆడపడుచు వచ్చింది. చెప్పుల దుకాణంలో పని చేస్తుంది ఆ పిల్ల. పిల్ల అంటే యాభై దాటాయి, అయినా అన్నయ్యకి పిల్లే. ఆసుపత్రిలో నేల చల్లగా ఉంటుందని లోపల బొచ్చున్న మెత్తటి చెప్పులు తెచ్చింది. అన్న కాలి కొలత ఆమెకి కంఠతా వచ్చు. కింద కూర్చుని తొడగబోతే ఎక్కలేదు.

"అదేంటన్నయ్యా, నీ సైజేగా ఇది?"

"మీ వదిన మేపుడు మరి" అన్నాడాయన.

వంటింట్లోంచి చేతులనిండా పిండితో ఆవిడ వచ్చింది. బన్నుల పిండి కలిపి, పొంగడానికి పెట్టి వస్తోంది. "కాళ్ళకి కూడా కండ పట్టిందా? చెప్పానా!" అంది నవ్వుతూ.

ఆడపడుచు నవ్వలేదు. "వదినా, రోజుకి వందమంది పాదాలు చూస్తాను నేను. పెద్దయ్యాక పాదం పెరగదు" అని, మెల్లగా మేజోడు కిందికి లాగింది. పిక్క కింద మేజోడు పట్టీ ఉన్న చోట చుట్టూ లోతుగా గాడి పడి ఉంది. దానికి పైనా కిందా కాలు నున్నగా, మెరుస్తూ, ఉబ్బి ఉంది.

ఆవిడ వంగి చూసింది. పిండి పొంగిందో లేదో తెలుసుకోవడానికి బేకరీల్లో ఓ పద్ధతుంది. వేలుతో నొక్కి తీస్తారు. గుంట మెల్లగా పైకి లేచి పూడిపోయిందా, పిండిలో జీవముంది, రేకుకెక్కించొచ్చు. గుంట గుంటలాగే ఉండిపోయిందా, పిండి సత్తువ పోయింది, ఇంక అది లేవదు. నలభై ఏళ్ళుగా ఆవిడ వేలికి తెలిసిన పని అది. అనుకోకుండానే ఆయన కాలి మీద బొటనవేలు పెట్టి నొక్కింది. తీసింది.

గుంట పూడలేదు.

చూస్తూ కూర్చుంది. కాస్త పక్కన ఇంకోచోట నొక్కింది. అక్కడా అంతే. పిండి అంటిన రెండు గుంటలు, ఒకదాని పక్కన ఒకటి. ఆడపడుచు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడవడం మొదలెట్టింది. డ్రైవరు గారు ప్యాంటు కిందికి లాక్కుని, "చలికి ఉబ్బాయిలేవే" అన్నాడు. ఆ అబద్ధం ఆయనకే నప్పలేదు.

వాపును చూసి బలుపనుకున్నట్టు అని మనవాళ్ళు ఎంత తేలిగ్గా అనేస్తారు! ఎవడైనా కాస్త డాబు చేస్తే చాలు, ఆ సామెత విసిరి నవ్వుకుంటారు. ఆవిడా ఎన్నిసార్లు అని ఉంటుందో. ఆ రోజు తర్వాత ఆ ఇంట్లో ఆవిడ ముందు ఆ మాట అనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

మర్నాడు ఆసుపత్రిలో డాక్టరు పరీక్షలన్నీ చేసి, ఆవిణ్ణి ఒక్కదాన్నీ లోపలికి పిలిచాడు. వద్దన్నా వినకుండా డ్రైవరు గారు కూడా వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఇది కండ కాదమ్మా. నీరు. కడుపులోనూ కాళ్ళలోనూ నీరు చేరింది. గడ్డ బాగా పాకిపోయింది."

"ఆ నీరు తీసేస్తే?"

"తీస్తాం. కాస్త తేలిగ్గా ఉంటుంది. మళ్ళీ చేరుతుంది."

"అది కాదండీ. తీసేస్తే బరువెంత ఉంటాడు?"

"మొదట వచ్చినప్పటి కంటే తక్కువే ఉంటారు."

"మరి నేను పెట్టిందంతా ఏమైందండీ?" అంది ఆవిడ. గట్టిగా కూడా అనలేదు. "అన్ని గుడ్లు, అంత వెన్న... రోజూ నా చేత్తో నేనే పెట్టాను. తిన్నాడు, నా కళ్ళతో చూశాను. అదంతా ఎటు పోయింది?"

డాక్టరు కాగితాలు మడిచి పక్కన పెట్టాడు. ఆపరేషన్ ఇంక కుదరదన్నాడు. మీ తప్పేం లేదన్నాడు, ముందే వచ్చినా పెద్దగా చెయ్యగలిగేది ఉండేది కాదన్నాడు, ధైర్యంగా ఉండమన్నాడు. ధైర్యమట, ధైర్యం! ఎక్కడైనా అమ్ముతారేమో అడగాల్సింది. బయటికొచ్చి ఆవిడ బెంచీ మీద కూర్చుండిపోయింది. చివరికి ఆ ఉబ్బిన కాళ్ళతో ఆయనే లేచి ఆవిణ్ణి లేపాడు.

ఇంటికొచ్చేసరికి నిన్న పొంగడానికి పెట్టిన పిండి గిన్నె దాటి పొంగి, మళ్ళీ కూలిపోయి, పుల్లటి వాసన వేస్తోంది. ఎత్తి పారేసింది. ఓవెన్ తలుపు కొక్కెం వేసేసింది. ఆ తర్వాత ఎన్ని రోజులో, ఆ మెట్ల మీద వెన్న వాసన లేదు. పిండిమర ఆయన కాటా మీద ఖాళీ గోతాలు పడేసి, కనపడకుండా మూలకి జరిపేశాడు. ఆవిడ కనిపిస్తే తల దించుకునేవాడు, పాపం తనే తప్పు తూకం వేసినట్టు.

ఓ రోజు దుప్పటి సర్దుతూ, ఉన్నట్టుండి అడిగింది. "నీకు ముందే తెలుసా?"

ఆయన కిటికీ వైపు తిరిగి పడుకున్నాడు. "ప్యాంటేమో బిగుతవుతోంది, వాచీ ఏమో మోచేతిదాకా జారుతోంది. మీటరు చూసి బండి నడిపేవాణ్ణా నేను? ఇంజను శబ్దం వింటే తెలియదా?"

"మరి చెప్పలేదేం? నోరు పడిపోయిందా?" ఒక్కసారిగా నిప్పులు చెరిగింది. దిండు తీసి గోడకేసి కొట్టింది. "నేను పిచ్చిదాన్లా ఇంటింటికీ బిస్కెట్లు పంచుతుంటే చూస్తూ కూర్చున్నావా? నన్ను వెర్రిదాన్ని చేశావు కదయ్యా! ఒక్క వారం ముందన్నా చెప్పుంటే..."

"ముల్లు కదిలిన రోజు ఆ బస్తా మీద కూర్చుని నువ్వు ఏడ్చావే, ఆ ఏడుపు చూశాక ఎలా చెప్పమంటావు?" అన్నాడు. "చెబుదామనే అనుకునేవాణ్ణి. నువ్వు రేకు పట్టుకుని వచ్చేదానివి. మాట లోపలే ఉండిపోయేది."

ఆవిడ తిట్టింది. నోటికొచ్చినట్టల్లా తిట్టింది. తిట్టీ తిట్టీ, ఆయన కాళ్ళ దగ్గరే మంచం మీద ముడుచుకుని పడుకుంది. ఆయన ఆవిడ జుట్టు మీద చెయ్యి వేసి ఉంచాడు. ఆ చెయ్యి బరువే లేదు.

చలి తగ్గుముఖం పట్టే రోజులు. ఆయనకి ముద్ద దిగడం మానేసింది. పాలు రెండు చెంచాలు పట్టించడమే గగనమైపోతోంది. హోటల్లో సెలవు పెట్టి ఇంట్లోనే ఉంటోంది ఆవిడ. ఓ మధ్యాహ్నం ఆయన పిలిచాడు.

"ఇల్లంతా గడ్డకట్టినట్టుందే. ఓవెన్ వెలిగించు."

"ఎవరు తినడానికి?"

"ముందు వెలిగించవే. మాటకి మాట ఎదురు చెప్పకపోతే నీకు తోచదు."

వద్దు వద్దనుకుంటూనే లేచింది. వెన్న గిలకొట్టింది, గుడ్లు కొట్టింది, పిండి జల్లించింది. మామూలు కేకు, దాల్చినచెక్క కూడా వెయ్యలేదు. ఆడపడుచు సాయంతో ఆయన్ని తెచ్చి ఓవెన్ పక్కన కుర్చీలో దిండ్లు ఆనించి కూర్చోబెట్టింది. వంటింట్లో వెచ్చదనం పరుచుకుంది. ఆయన కళ్ళు మూసుకుని ఆ వాసన పీలుస్తూ కూర్చున్నాడు. ఆడపడుచు మందుల షాపుకెళ్ళింది. ఇద్దరే మిగిలారు.

కేకు దించి, అలవాటు చొప్పున ఓ ముక్క కోసి ఆయన ముందు పెట్టింది. పెట్టాక గుర్తొచ్చి వెనక్కి తియ్యబోయింది. ఆయన ఆ ప్లేటు పట్టుకున్నాడు. కాస్త తుంచాడు.

"నోరు తెరువు."

"నాకొద్దు."

"ఈ చలికాలమంతా నువ్వు ఒక్క ముక్క నోట్లో వేసుకున్నావా? నేను చూడట్లేదనుకున్నావా? నీ స్వెట్టరు భుజాల మీంచి జారిపోతోంది. నా తూకమే తప్ప నీ తూకం ఎవడన్నా చూశాడా?" అంత మాట్లాడేసరికి ఆయాసమొచ్చింది. ఆగి, ఊపిరి తీసుకున్నాడు. "నేను పోయాక ఆ ఆవిరి గదిలో రోజంతా నిలబడాల్సింది నువ్వే. ఒంట్లో సత్తువుండాలి. తెరువు నోరు."

తెరిచింది.

వెన్నా తెలియలేదు, తీపీ తెలియలేదు. మట్టి తిన్నట్టుంది. ముద్ద ఎక్కడిదక్కడే నిలబడిపోయింది. ఉమ్మేద్దామనుకుంది. కానీ ఆయన ఎదురుగా, కళ్ళు విప్పార్చుకుని, ఆవిడ గొంతు వైపే చూస్తున్నాడు, ముద్ద ఎప్పుడు దిగుతుందా అని. ఆ చూపు కోసం కళ్ళమ్మట నీళ్ళు కారుతుండగా బలవంతాన మింగింది. మింగాక అప్పుడు తెలిసింది ఆవిడకి, ఈ చలికాలమంతా ఆయన ఎలా తిన్నాడో.

ఆయన ఇంకో ముక్క తుంచి పట్టుకున్నాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుని, దగ్గరికి జరిగి, మళ్ళీ నోరు తెరిచింది.